ఇంటిపేరు ఏ గడిలో వ్రాయాలి?

చాలా రోజులుగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. వాయిదాకు కారణం బద్ధకం కాదు. నేను నిందించదలచుకున్నవారి జాబితాలో నా పేరు కూడా ఉంది, అదీ కాస్త పైవరుసలోనే ఉంది. అయినా ఈ వేసవిలో జరిగిన ఒక సంఘటన తరువాత ఊరుకోలేకపోతున్నాను. చదివి ఎవరికైనా కోపం వస్తే రావచ్చు గాక.

మా వీధి చివరి ఇంటి అబ్బాయి, ఇంజనీరింగు పూర్తిచేసినవాడు, పైచదువుకు అమెరికా వెళ్తున్నానని చెప్పి ఆశీర్వచనం కోసం వచ్చాడు. చేతిలో లావుపాటి ఫైలు. ముప్పైనాలుగేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినవాణ్ణి నేను. కాగితం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు నాది. "ఏదీ, చూడనీ" అన్నాను. మార్కుల పత్రాల నకళ్ళు, తండ్రి పాసుపుస్తకం నకలు, ఆస్తి విలువ కట్టి చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన పత్రం, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక కట్ట.

"విశ్వవిద్యాలయంవారు పంపిన ఐ-20 ఏదీ?"

"కన్సల్టెన్సీవాళ్ళ దగ్గరుందండి మాస్టారూ. ఇంటర్వ్యూకి ముందురోజు ఇస్తామన్నారు."

"మరి వీసా దరఖాస్తు?"

"అదీ వాళ్ళే నింపుతారండి."

"నీ ఇంటిపేరు ఏ గడిలో వ్రాస్తారు?"

వాడు నావంక జాలిగా చూశాడు. "అదంతా వాళ్ళు చూసుకుంటారండి" అన్నాడు.

ఈ ఒక్క వాక్యంతోనే నా తగవు. పరదేశానికి వెళ్ళేముందు కాగితాలు సిద్ధం చేసుకోవడం డబ్బిచ్చి చేయించుకునే కూలిపని అని మనవాళ్ళు స్థిరపరచుకున్నారు. నా దృష్టిలో అది చదువుకు సంబంధించిన పని. తన పేరు, తన పుట్టినతేదీ, తన తల్లిదండ్రుల పేర్లు, తాను ఏమి చదవబోతున్నాడు, ఎవరి డబ్బుతో చదవబోతున్నాడు అనే విషయాలను తన చేత్తో తప్పులేకుండా వ్రాయలేనివాడు పట్టభద్రుడని నేను ఒప్పుకోను. వాణ్ణి అలా తయారుచేసినవాళ్ళం మేము కాబట్టి, మేము పంతుళ్ళమనీ ఒప్పుకోను.

ఆ ఇంట్లో నెల రోజులుగా సాగుతున్న ప్రయాణ సన్నాహం నాకు తెలుసు. ఆవకాయ సీసాలోంచి నూనె కారకుండా ఎన్ని పొరలు చుట్టాలో, 23 కిలోల చొప్పున రెండు పెట్టెల్లో ప్రెషర్ కుక్కరు ఎందులో పెడితే బరువు సరిపోతుందో, కందిపొడిలో వెల్లుల్లి వేయాలో వద్దో మేనత్తలూ పిన్నులూ సమావేశమై తీర్మానించారు. బరువు చూడటానికి కొక్కెం కాటా ఒకటి కొన్నారు. పెరట్లోని కరివేపాకు కూడా కోసి మూట కట్టారు. పచ్చి కరివేపాకువల్ల నిమ్మజాతి చెట్లకు తెగులు వస్తుందని అమెరికాలోకి రానివ్వరన్న సంగతి మాత్రం ఆ సభలో ఎవరికీ తెలియదు. పిల్లవాడి చిన్ననాటి టీకాల కార్డు ఎక్కడుందంటే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా రెండు మోతాదులూ పడ్డాయని చాలా విశ్వవిద్యాలయాలు ఋజువు అడుగుతాయి. ఆవకాయను నేను తక్కువ చేయడం లేదు సుమా. ఆవకాయ మీద పెట్టిన శ్రద్ధలో నాలుగోవంతు కాగితాల మీద పెట్టి ఉంటే నేనీ వ్యాసం వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇక పేరు సంగతి. ఇది నా రంగం కనుక కొంచెం విస్తరంగా చెబుతాను, విసుగనుకోకండి.

మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత. పాశ్చాత్యులకు వంశనామం చివర. దరఖాస్తులో 'లాస్ట్ నేమ్' అని అడిగితే మన పిల్లవాడు నిజాయితీగా తన పేరులో చివరనున్న మాట వ్రాస్తాడు. దాంతో రావు, కుమార్, లక్ష్మి వంశనామాలై కూర్చుంటాయి. అన్నగారి వంశం రావు, తమ్ముడిగారి వంశం ప్రసాద్! తామిద్దరూ ఒక తండ్రి బిడ్డలమని ఋజువు చేసుకోవడానికి మళ్ళీ కాగితాలు. 'వేంకటసూర్యనారాయణ' అన్నది ఒక సమాసం, అందుచేత ఒక పేరు. మధ్యలో ఖాళీలు వదిలి మూడు మాటలుగా విరగగొడితే మొదటి మాటే పేరవుతుంది, తక్కినవి తోకలవుతాయి. అక్కడ వాణ్ణి అందరూ 'వేంకట' అని పిలుస్తారు. వాడి గదిలో ఉన్న మిగిలిన ముగ్గురు తెలుగువాళ్ళూ వేంకటలే కావడం మరొక విశేషం. ఇంగ్లీషు అక్షరక్రమం వేరే కథ. 'లక్ష్మి'లోని క్ష్మకు ఒకరు కె.ఎస్.హెచ్. వ్రాస్తారు, ఇంకొకరు ఎక్స్ వ్రాస్తారు. చివర ఐ ఒకరిది, రెండు ఇ-లు వేరొకరివి. మన చెవికి అన్నీ ఒకటే లక్ష్మి. యంత్రానికి నలుగురు లక్ష్ములు. టోఫెల్ పరీక్షకు నమోదైన పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోలకపోతే పరీక్ష కేంద్రం గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

2003లో పదవ తరగతి పరీక్షలకు నామినల్ రోల్సు వ్రాసే పని మా ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు. (తెలుగు మాస్టారి దస్తూరి బాగుంటుందనే వంకతో ఆ శిక్ష ఎప్పుడూ మాకే పడేది.) ఒక బాలిక పేరు ఇంటిపేరుతో కలిపి అయిదు మాటలు. కాగితంలో గళ్ళు చాలలేదు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించాను. పేరులో రెండు మాటలు ఎగరగొట్టాను. ఇంటికి కబురు పంపి అడిగానా అంటే అడగలేదు. సాయంత్రానికల్లా పంపాలన్నారు, పంపాను. గుర్తింపు చిహ్నాల దగ్గర మాత్రం పుట్టుమచ్చలు రెండూ శ్రద్ధగా వ్రాశాను, కుడిచేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి. మనిషికి పుట్టుమచ్చలు మిగిల్చి పేరు తీసేసిన ఘనుణ్ణి నేను.

ఆ మెమోయే ఆమె ఇంటర్మీడియటుకూ డిగ్రీకీ ఆధారమైంది. ఆ తరువాత పాస్‌పోర్టుకు. నింపిపెట్టిన ఏజెంటు మెమోలో ఉన్న పేరంతా తెచ్చి 'గివెన్ నేమ్' గడిలో కుక్కి, వంశనామం గడి ఖాళీగా వదిలాడు. పాస్‌పోర్టు అలాగే వచ్చింది. అమెరికా వీసాలో వంశనామం గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు. అందుచేత ఉన్న పేరంతా ఆ గడిలోకి పోయింది, వ్యక్తి పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అనే మూడక్షరాలు వచ్చిపడ్డాయి. వాటి అర్థం 'మొదటి పేరు తెలియదు' అని. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి బంగారుటుంగరంతో తండ్రి వ్రాసిన పేరు ఉన్న పిల్లకు పేరు తెలియదట! విశ్వవిద్యాలయం కార్డు, బ్యాంకు ఖాతా, డ్రైవింగు లైసెన్సు అన్నింటా అవే మూడక్షరాలు. "అక్కడ నన్ను 'ఫ్నూ' అని పిలిచేవారు మాస్టారూ" అని సెలవులకు వచ్చినప్పుడు చెప్పి నవ్వింది. నవ్వకుండా తిట్టి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. ఇంటిపేరు చేర్పించుకోవడానికి, పాత పేరూ కొత్త పేరూ ఒకే వ్యక్తివని నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించుకుని, పాస్‌పోర్టు మార్పించుకుని, అన్ని చోట్లా మళ్ళీ మొదటినుంచీ తిరిగింది. ఆ గళ్ళ సంగతి ఆమెకు ఆనాడు చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

ఇది అమెరికా ఒక్కదాని చాదస్తమనుకునేరు. పాస్‌పోర్టులో ఒంటి పేరు మాత్రమే ఉన్నవారికి సందర్శక వీసాలు ఇవ్వబోమని యు.ఏ.ఇ. 2022 నవంబరులో ప్రకటించింది.

పుట్టినతేదీ విషయంలో మా పాపం ఇంకా పెద్దది. బడులు తెరిచేది జూన్‌లో. అప్పటికి అయిదేళ్ళు నిండాలి. కనుక పల్లెటూరి బడి రిజిస్టరులో సగం ఊరు జూన్ నెలలోనే పుట్టింది. ఆశ్వయుజ బహుళ తదియనాడు పుట్టాడని తల్లి చెబుతూనే ఉంటుంది. అది ఏ ఇంగ్లీషు తేదీయో పంచాంగం తిరగేసి చూసే ఓపిక లేక, ఆ పంచాంగం చదవడం వచ్చిన నాలాంటివాళ్ళమే, జూన్ ఒకటి అని వ్రాసేసేవాళ్ళం. "రెండేళ్ళు తగ్గించి వేయండి మాస్టారూ, ఉద్యోగానికి పనికొస్తుంది" అని తండ్రి అడిగితే అదొక ఉపకారంగా చేసినవాళ్ళూ ఉన్నారు. ఉపకారం ఇరవై ఏళ్ళు నిద్రపోయి, గ్రీన్‌కార్డు దరఖాస్తు నాడు లేచి కూర్చుంటుంది. అక్కడ బడి మెమో ఒక్కటీ చాలదు, జనన ధ్రువపత్రం కావాలి. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లోనే. కాని ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్లల్ని నమోదు చేయించినవారెందరు? చేయించినా, పేరు గడి ఖాళీ. చట్టం చెప్పిన గడువు 21 రోజులు. మనం చాలా ఇళ్ళల్లో బారసాల చేసేదీ ఇరవైఒకటో రోజునే. శిశువు 'మగ' అని నమోదవుతాడు, పేరు పెట్టాక మళ్ళీ వెళ్ళి దాన్ని చేర్పించాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు, చట్టం అవకాశం ఇచ్చినా సరే. కొడుక్కి నలభై ఏళ్ళు వచ్చాక, డెబ్బై ఏళ్ళ తండ్రి చేతికర్ర పట్టుకుని, రికార్డు లభ్యం కాలేదనే పత్రం కోసం పంచాయతీ కార్యాలయం మెట్లెక్కుతాడు. ఆ పత్రంతోపాటు, ఇతని పుట్టుక మాకు తెలుసునని ప్రమాణం చేసే పెద్దలు ఇద్దరు కావాలి. నలభై ఏళ్ళనాటి పురుడు గుర్తున్నవారు ఊళ్ళో ఎంతమంది మిగిలి ఉంటారు?

ఇప్పుడు చట్టం బిగిసింది. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టినవారికి పాస్‌పోర్టు కోసం జనన ధ్రువపత్రం ఒక్కటే పుట్టినతేదీకి ఋజువని 2025లో నిబంధన మార్చారు. పసిపిల్లలున్నవారు ఈ వ్యాసం ఇక్కడితో ఆపి, ఆ పత్రం తీసి, పేరు గడి నిండిందో లేదో చూసుకుని రండి. నేనేమీ అనుకోను.

ఇక "వాళ్ళు చూసుకుంటారు" అన్న 'వాళ్ళ' సంగతి. దారి చూపడానికి రుసుము తీసుకునేవారిని నేను తప్పు పట్టను. రైలు టిక్కెట్టుకూ మధ్యవర్తి ఉన్నాడు. కాని వీరిలో కొందరు చేసేది దారి చూపడం కాదు, మనిషిని మార్చడం. ఖాతాలో లేని డబ్బు కొన్నాళ్ళపాటు ఉన్నట్టు చూపించి కమీషను తీసుకుంటారు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం పుట్టిస్తారు. తరువాత పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు ఎంచుకున్నావంటే ఇలా చెప్పు, తిరిగి వస్తావా అంటే అలా చెప్పు అని బట్టీ పట్టిస్తారు. కాన్సులేటు కిటికీ ముందు మనవాడు ఆ పాఠం ఒప్పజెబుతాడు. ముప్పైనాలుగేళ్ళు పద్యాలు ఒప్పజెప్పించుకున్నవాణ్ణి నేను. అర్థం తెలియకుండా ఒప్పజెప్పేవాడి కళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ కిటికీ వెనకనున్నవారికీ తెలుస్తుంది. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేయించినవారు దరఖాస్తు పదకొండుసార్లు చదివించి ఉంటే స్వామి మాత్రం వద్దంటాడా?

ఒక్క సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. డి.ఎస్.-160 అనే ఆ వీసా దరఖాస్తును ఎవరి సహాయంతో నింపినా, చివరి సంతకపు మీట దరఖాస్తుదారుడే నొక్కాలి. అందులో ఉన్నదంతా చదివి అర్థం చేసుకున్నాను, అంతా నిజం అని ఆ మీటకు అర్థం. ఇంకొకరు వ్రాసిన అబద్ధానికి కూడా బాధ్యుడు మీ పిల్లవాడే. మోసంతోనో తెలిసి చెప్పిన అబద్ధంతోనో వీసా సంపాదించాడని తేలితే, అక్కడి చట్టప్రకారం జీవితకాలం ఆ దేశపు గడప తొక్కనీయకపోవచ్చు. అప్పుడు కన్సల్టెన్సీ బోర్డు మార్చుకుని పక్కవీధిలో తెరుచుకుంటుంది. మీవాడు పేరు మార్చుకోలేడు, వ్రేలిముద్రలు అసలే మార్చుకోలేడు.

2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు, కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించిన మన పిల్లల్ని పత్రికల్లో చూశాం. అక్కడ చేరినవారిలో ఎక్కువమంది తెలుగువారు. రెండు రోజులు ఉడికిపోయాం, మూడోరోజుకు మరచిపోయాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ వ్యవహారం. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే. ఆ విశ్వవిద్యాలయాన్ని వల పన్నడానికి అక్కడి ప్రభుత్వ విభాగమే సృష్టించింది. అది న్యాయమా అన్న చర్చ వేరు, నాకూ అందులో అభ్యంతరాలున్నాయి. కాని అందులో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. ఎవరు తెలిసి చేరారో, ఎవరు మోసపోయారో తేల్చడం నా తరం కాదు. ఎనిమిదేళ్ళ తేడాలో రెండోసారి అదే గోతిలో పడ్డ జాతికి చదవడం వచ్చునని చెప్పడానికి మాత్రం నాకు సిగ్గుగా ఉంది.

"మీకేం మాస్టారూ, పల్లెటూరి రైతు కొడుకు ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటాడు? కన్సల్టెన్సీ లేకపోతే వాడు గుంటూరు దాటడు" అని నా మిత్రుడొకరు వాదించారు. ఈ వాదంలో బలముంది, కాదనను. ఇంగ్లీషు చదవలేని తండ్రిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపునుంచి గల్ఫు వెళ్ళే కూలీ సంగతి మరీ ఘోరం. పదవ తరగతి గట్టెక్కలేదు కాబట్టి అతనిది వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు. 1983 నాటి వలసల చట్టం అతని రక్షణ కోసమే ఉంది. నమోదైన ఏజెంటు ద్వారా, అనుమతితో వెళ్తే బీమా ఉంటుంది, ఒప్పందపత్రం ఉంటుంది. సందర్శక వీసా మీద పంపే దళారికి చిక్కితే అవేమీ ఉండవు, దిగగానే పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండదు. చదవడం రానివాడు ఏం పోగొట్టుకుంటాడో అతణ్ణి చూస్తే తెలుస్తుంది. చదవడం వచ్చినవాడు చదవకుండా సంతకం పెట్టి, అతని పక్కన నిలబడి సానుభూతి అడిగితే నేనివ్వను.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? మా దగ్గరే. పదవ తరగతి తెలుగులో లేఖారచన ఉంది. మిత్రుడికి విహారయాత్రను వర్ణిస్తూ లేఖ వ్రాయించాం, పుస్తకాలు పంపమని అంగడివారికి వ్రాయించాం. ఈనాడు ఆ రెండు లేఖలూ ఎవరూ వ్రాయరు. నీ పేరు నాలుగు పత్రాల్లో ఎలా ఉందో చూసి రా, తేడా ఉంటే ఎక్కడుందో వ్రాయి అని ఒక్క పాఠం, ఒక్క గంట, ఏ పిల్లవాడికైనా చెప్పానా? సంధి విడదీయమన్నాను, సమాసానికి విగ్రహవాక్యం చెప్పమన్నాను. తన సొంత పేరే ఒక సమాసమని, దాన్ని విరగగొట్టనివ్వకూడదని చెప్పలేదు. ఇప్పుడు సర్వీసులో ఉన్న పండితులెవరైనా ఇది చదువుతుంటే, రేపే ఆ పాఠం చెప్పండి. ఇంగ్లీషు మాస్టారి పని కదా అనకండి. పేరు తెలుగుది.

వెళ్ళేవాడి కాగితాల గోలలో, ఉండిపోయేవారి కాగితాలు ఎవరికీ పట్టవు. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి సాధారణంగా ఇల్లో పొలమో తనఖా పెట్టాలి. తండ్రి సహరుణగ్రహీత. అంటే కొడుకు కట్టకపోతే తాను కట్టాలి. ఆ మాట తెలుగులో విడమరచి చెప్పించుకోకుండా, ఇరవై చోట్ల గుణకారపు గుర్తులు పెట్టి చూపిస్తే ఇరవై సంతకాలూ పెట్టి వస్తారు. కొడుకు ప్రవాసి అయ్యాక ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చుకోవాలి. తన పేరున ఉన్న స్థలం పనులకు అధికారపత్రం వెళ్ళేముందే వ్రాసి రిజిస్టరు చేయిస్తే ఒక పూట పని. అక్కడికి వెళ్ళాక వ్రాసి పంపితే అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు రుసుము కట్టించుకోవాలి, ఈలోగా తపాలా, ధ్రువీకరణ, నానా యాతన. ఇవన్నీ ఆస్తి గొడవలు, పోనివ్వండి. రాత్రి పదకొండింటికి తల్లిని ఆస్పత్రిలో చేర్చవలసివస్తే సంతకం ఎవరు పెట్టాలి, బీమా కార్డు ఏ అలమారలో ఉంది, ఆమె వాడే మందుల చీటీ ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఒక కాగితం మీద వ్రాసి, పక్కింటివారికొక ప్రతి ఇచ్చి విమానం ఎక్కిన కొడుకును నేనింతవరకు చూడలేదు. ఎక్కినవాళ్ళ తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను. ఇద్దరిని నేనే ఆటోలో తీసుకువెళ్ళాను.

ఆ అబ్బాయి విషయం ముగించలేదు కదా. నా చాదస్తానికి భయపడో, మొహమాటానికో, కన్సల్టెన్సీకి వెళ్ళి ఐ-20 అడిగి తెచ్చుకున్నాడు. చదివాడు. తాను చేరబోయే కోర్సు ఎన్ని నెలలో అప్పుడే మొదటిసారి తెలుసుకున్నాడు. ఒక ఆదివారం మా ఇంటికే ల్యాప్‌టాప్ తెచ్చుకుని డి.ఎస్.-160 నింపడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. టైపు చేసిందంతా వాడే. నాలుగు గంటలు పట్టింది. ఇంటిపేరు దాని గడిలో పడింది. తల్లి పుట్టినతేదీ దగ్గర ఆగి, ఇంటికి పరుగెత్తి అడిగి వచ్చాడు. గత అయిదేళ్ళలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాలు అడిగినచోట కాసేపు సిగ్గుపడ్డాడు, అన్నీ వ్రాశాడు.

చివరికి, ఈ దరఖాస్తు నింపడంలో మీకు ఎవరైనా సహాయం చేశారా అన్న ప్రశ్న వచ్చింది.

"మాస్టారూ, మీరు పక్కనే ఉండి చెప్పారు కదా. అవునని వ్రాయనా?"

"నిజమే కదా, వ్రాయి."

"అయితే మీ పేరు కావాలండి. ఇంగ్లీషులో మీ పేరు ఎలా వ్రాస్తారు?"

నోరు తెరిచి, ఆగాను. పింఛను పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్నట్టు గుర్తు. ఒక్క నిమిషం ఉండమని చెప్పి, నా పదవ తరగతి పత్రం వెతకడానికి లోపలికి వెళ్ళాను.